తొట్టిలో ఎక్కినవాళ్లు

హైదరాబాద్,
21 జనవరి 2007

మావయ్యకి అక్సా రాసేది,

అత్త పంపిన నువ్వుల ఉండలు అందాయి. డబ్బా మూత వదులైనట్టుంది, పార్శిల్ ఆఫీసు చీమలు నాకంటే ముందు అందుకున్నాయి. మిగిలినవి దులుపుకుని తిన్నాను. ఈ మాట అత్తకి చదవకు.

ఉద్యోగంలో కుదురుకున్నాను. నన్ను మోటారు క్లెయిముల విభాగంలో వేశారు. రోడ్డు మీద బండి కింద పడి ఎవరైనా పోతే వాళ్ల ఇంటివాళ్లు కోర్టులో కేసు వేస్తారు కదా, ఆ ఫైళ్లన్నీ మా బల్లల మీదికొస్తాయి. నాది చివరి బల్ల. కుర్చీకి చక్రాలున్నాయి. మొదటి రోజు కూర్చోబోతే వెనక్కి జారిపోయింది, పక్కసీటు ఆవిడ నవ్వింది. ఇప్పుడు ముందు చేత్తో పట్టుకుని కూర్చుంటున్నాను.

మా ఆఫీసంతా ఈ నెలలో గందరగోళంగా ఉంది. ఇంతకాలం ఇల్లు, గోడౌను, బండి, దేనికి ఎంత ప్రీమియం కట్టాలో అన్ని కంపెనీలకీ ఒకటే రేటు ఉండేది. ఒకటో తారీఖు నుంచి ఆ కట్టుబాటు తీసేశారు. ఎవరి రేటు వాళ్లు పెట్టుకోవచ్చు. ఒకరు తగ్గిస్తే ఇంకొకరు ఇంకా తగ్గిస్తున్నారు. ఒక్కదానికి మాత్రం రేటు పైనున్న అథారిటీయే పెడుతుంది: మన బండి వల్ల బయటివాళ్లకి ప్రాణనష్టం జరిగితే ఇచ్చే భాగానికి. దాన్ని పెంచారు. లారీలవాళ్లు సమ్మె అంటున్నారు. కంపెనీలేమో ఈ భాగంలో అంతా నష్టమే అంటున్నాయి. అందుకని మా మేనేజరుగారు ప్రతి ఫైలూ పట్టి పట్టి చూడమంటున్నారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నీ ట్రాక్టరు పాలసీ వచ్చే నెలతో అయిపోతుంది. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకు. తగ్గింపు ఇస్తామని ఎవరెవరో వస్తారు, ఏది దేనికి వర్తిస్తుందో అడిగి కట్టు. ఇంకొక మాట. ట్రాక్టరు వెనక తొట్టిలో మనుషుల్ని ఎక్కించకు. తొట్టి సరుకు కోసం. అందులో ఊరికే ఎక్కినవాళ్లకి ఏమైనా జరిగితే కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టే చెప్పింది.

రూతమ్మ పిన్నిని, పిల్లల్ని అడిగానని చెప్పు. బాబాయికి పరవాడ ప్లాంటులో పని పర్మనెంటు చేస్తారా?

నీ మేనకోడలు
అక్సా


అనకాపల్లి,
18 ఫిబ్రవరి 2007

ప్రభువునందు ప్రియమైన అక్సమ్మకి మీ మావ కృపానిధి సొంత సేత్తో రాసింది.

నేను బడికెల్లి సదువుకున్నోణ్ణి కాదు. సంఘంలో బైబిలు పట్టుకుని అచ్చరాలు నేర్సుకున్నోణ్ణి. నువ్వు రాసిన ఇంగ్లీసు మాటలు మూడోసారికి గాని పడలేదు. సెల్లు కొనుక్కోమని మళ్లీ రాయకు. సెల్లులో మాట ఇన్నాక మరి దొరకదు. ఉత్తరమైతే మీ అత్తకి సదివి ఇనిపిత్తాను. సీమల సంగతి కూడా ఇనిపించేను. "సదువుకున్నాక నా ఉండలు దులుపుకుని తింతందా" అంది.

పాలసీ కట్టేసేను. ఏజెంటు త్రినాధరావు ఇంటికొచ్చేడు. నీ కంపెనీలోనే కట్టించేడు. "మీ మేనకోడలు ఆపీసరైన కంపెనీలో నీకేటి భయం, బండి ఎవుడికి తగిలినా ఆవిడ సూసుకుంటాది" అన్నాడు. నీ పేరు సెప్పగానే టీ కూడా ఆడే తాగించేడు. ఎప్పుడూ నా డబ్బుల్తో తాగీవోడు. పొలం పనికి తొట్టిలో ఎల్లే కూలీలకి కూడా కొంచెం ఎక్కువ కట్టించేడు. అంచేత ఎక్కించొద్దన్న భయం నీకు అక్కర్లేదు.

తొట్టి మాట రాసేవు. అక్సమ్మా, ఈ బండి ఇంటికొచ్చిన రోజు అయ్యగారు దాని మీద సెయ్యేసి ప్రార్థన సేసేరు. ఆ రోజు సంఘం ముందు నేను మ్రొక్కుబడి సేసుకున్నాను. ఏటేటా ఈస్టరు ముందు శ్రమదినాల్లో సంఘాన్ని నా బండి మీద మాడుగుల ఉపవాస కూటాలకి తీసుకెల్తానని, ఎవురి కాడా పైసా తీసుకోనని. ఇప్పుడు ఇన్సూరెన్సోళ్లు వద్దన్నారని దేవుడికి ఎలా సెప్పీది? వచ్చే నెల మొదటి ఆదివారం ఎల్తాం. వాళ్లు ప్యాసింజర్లు కాదమ్మా, మనోళ్లు.

మీ బంగారయ్య బాబాయి ఇంకా కాంట్రాక్టులోనే ఉన్నాడు. కానీ మెడలో కంపెనీ కార్డు ఏసుకుని ఎల్తన్నాడు, నెత్తి మీద పచ్చటోపీ. ఆదివారం గుడికి కూడా కార్డు ఏసుకొచ్చేడు. నేను "ఏటి బావా, దేవుడు గేటు కాడ సెక్ సేత్తాడనా" అన్నాను. రూతమ్మకి కోపమొచ్చింది. దానికి ఆ కార్డంటే బంగారమే.

మాడుగుల హల్వా నీకు పంపుతాను, మూత గట్టిగా ఏసి.

మీ మావ


హైదరాబాద్,
1 మార్చి 2007

మావయ్యకి,

నీ ఉత్తరం ఇవాళే అందింది. వెంటనే రాస్తున్నాను.

ఏజెంటు మాట నమ్మకు. నేను చూసుకోవడానికేం లేదు. చివరి బల్ల దగ్గర కూర్చునే నన్ను ఫైలు కూడా అడగదు. నువ్వు ఎక్కువ కట్టింది నీ పొలం పనికి వెళ్లే కూలీల కోసమే. కూటాలకి వెళ్లేవాళ్లకి అది పనికిరాదు.

దేవుడికి ఎలా చెప్పాలో నాకు తెలియదు. అయ్యగారిని అడుగు. బండి ఖర్చు నువ్వే పెట్టుకుని ఒక బస్సు మాట్లాడితే మ్రొక్కుబడి తీరదా? ఈ ఒక్కసారికి నా మాట విను.

నీ
అక్సా


అనకాపల్లి,
25 మార్చి 2007

అక్సమ్మకి మీ మావ రాసింది.

నువ్వు సమాధి కూటం అయ్యాక బస్సెక్కి ఎల్లిన మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. పోస్టుమేను నవ్వుతా ఇచ్చేడు, ఆడికి తెలీదు. సదివేను. మీ అత్తకి ఇనిపించలేదు.

నువ్వున్నప్పుడు అందరూ ఉన్నారు, నోరు రాలేదు. ఇప్పుడు రాత్తన్నాను. కల్వర్టు మలుపు కాడ సైకిలోడు అడ్డమొచ్చేడు. నేనే తోలుతున్నాను. ఆణ్ణి తప్పించేను. తొట్టి కొక్కెం తిరిగి గట్టు మీంచి ఒరిగిపోయింది. పాట పాడతన్నారు. అందరూ అటో ఇటో పడ్డారు, దెబ్బలతో పోయింది. బంగారయ్య బావ తొట్టి అంచు మీద కూకున్నాడు, పిల్లల్ని లోపలికి తోసి. ఆడి మీద పడింది.

రూతమ్మ నన్ను ఒక్క మాటనలేదు. "అన్నియ్యా, నువ్వు కావాలని సేసేవా" అని నా పక్కనే కూకుని ఏడిసింది. సొంత సెల్లెలు గనక అంది. ఇంకోళ్లయితే నన్ను ఆ మలుపులోనే పాతేద్దురు.

దానికి ఇద్దరు ఆడపిల్లలు. పరవాడోళ్లు కాంట్రాక్టరుని అడగమన్నారు, కాంట్రాక్టరు ఆదివారం మాకు సంబంధం లేదన్నాడు. ఇంక మిగిలింది నీ కంపెనీయే. నేను నీ సదువు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తను. మీయమ్మ పోయినప్పుడు నిన్ను మిషను హాస్టల్లో ఏసింది రూతమ్మే, నా సెయ్యి పట్టుకుని. దానికేటి దారో సెప్పు.

మీ మావ


హైదరాబాద్,
15 ఏప్రిల్ 2007

మావయ్యకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. నీకు తెలియాల్సింది తెలియాలి కాబట్టి నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

పిన్ని అనకాపల్లి కోర్టులో కేసు వెయ్యాలి. లాయరుని పెట్టుకోండి. అక్కడ అన్నిటికంటే ముందు తేలేది ఒకటే: బాబాయి ఆ తొట్టిలో ఏ పని మీద వెళ్తున్నాడు. నీ పొలం పనికి కూలీగా వెళ్తున్నాడని తేలితే, నువ్వు వాళ్ల కోసం కట్టావు కాబట్టి, కంపెనీ ఇస్తుంది. ప్రార్థనకో, పెళ్లికో, సంతకో వెళ్తున్నాడని తేలితే కంపెనీ ఇవ్వదు. అప్పుడు కోర్టు ఆ సొమ్ము బండి ఓనరునే కట్టమంటుంది. అంటే నిన్ను. ట్రాక్టరు, పల్లపు చేను పోతాయి.

ఇక్కడ గాలి కూడా బాగాలేదు. లారీలు, ట్రాక్టర్లలాంటి బళ్ల మీద వచ్చే ఈ నష్టాలని ఈ నెల నుంచి కంపెనీలన్నీ కలిసి ఒకే కుండలో వేసి పంచుకుంటున్నాయి. అయినా కంపెనీల బెంగ తీరలేదు. ప్రతి కేసుకీ ఒక మనిషిని ఊళ్లోకి పంపి విచారిస్తున్నారు.

ఇంతకంటే నేను రాయకూడదు, మావయ్యా. ఈ విషయం ఇంక నన్ను అడగకు. నేనిక్కడ జీతం తీసుకుంటున్నాను. నువ్వు అర్థం చేసుకుంటావు.

పిన్ని అన్నం తింటోందా?

అక్సా


అనకాపల్లి,
7 అక్టోబర్ 2007

అక్సమ్మకి,

కోర్టు నుంచి నాకు కాగితం వచ్చింది. బిళ్లబంట్రోతు నడివీధిలో నా పేరు పెట్టి పిలిసి ఇచ్చేడు. రూతమ్మ నా మీద కేసేసింది. ముందు నా పేరు, తరవాతే నీ కంపెనీ పేరు. "నిర్లక్ష్యంగా నడిపి సంపినాడు" అని రాసుంది. కింద రూతమ్మ సంతకం. ఆ సంతకం దానికి నేర్పింది నేనే.

ఆదివారం సంఘంలో నేను దాని ఎంక సూడలేదు. అది ప్రభువు బల్ల కాడ రొట్టె తీసుకుని నా పక్కనించే ఎల్లింది. మీ అత్త అడిగేద్దామని లేసింది, నేను కొంగు పట్టుకుని కూకోబెట్టేను.

అలా అంతదని నేననుకోలేదు.

మావ


హైదరాబాద్,
14 అక్టోబర్ 2007

మావయ్యకి,

అయ్యో మావయ్యా! అది పిన్ని మాట కాదు. అన్ని కేసుల్లోనూ అలాగే రాస్తారు. నడిపినవాడి పేరు, ఓనరు పేరు పెట్టి, తప్పు వాళ్లదని రాస్తేగాని కంపెనీ దాకా కేసు రాదు. నా బల్ల మీదున్న ప్రతి ఫైల్లోనూ అదే వాక్యం. తండ్రి మీద కొడుకు, మొగుడి మీద పెళ్లాం అలా రాసినవి కూడా చూశాను. పిన్ని ఏ కాగితం మీద సంతకం పెట్టిందో చదివి ఉండదు.

ఇప్పుడే వెళ్లి దానితో మాట్లాడు. రేపు అనకు.

అక్సా


అనకాపల్లి,
11 మే 2008

ప్రభువునందు ప్రియమైన అక్సమ్మకి మీ మావ రాసింది.

సాలా నెలలకి రాత్తన్నాను. నువ్వు సెప్పినట్టే ఎల్లి రూతమ్మని అడిగేను. "ఓలమ్మో, నీ మీద నేను కేసెయ్యడమేటి అన్నియ్యా" అని కాగితం సూసి అది కూడా ఏడిసింది. మళ్లీ ఒకటయ్యేం. అది నీ పుణ్యమే.

ఇప్పుడు ఇంకో మంచి కబురు. వచ్చే నెల సాక్ష్యాలు. బావ పోయాక నువ్వు రాసిన పెద్ద ఉత్తరం ఉంది గదా, అది మా లాయరుగారికి సదివి ఇనిపించేను. ఆయన కుర్చీలోంచి లేసి, "మీ అమ్మాయి తెలివైంది కృపానిధీ! ఉద్యోగంలో ఉండి నేరుగా చెప్పలేక ఇలా చెప్పింది. ఏ పని మీద వెళ్లాడన్నదే ముఖ్యం అని రాసిందంటే, ఏం చెప్పాలో చెప్పినట్టే. చివర్న చూడు, నువ్వు అర్థం చేసుకుంటావు అని కూడా రాసింది" అన్నాడు. అప్పుడు నాకు బుర్రకెక్కింది. నేనెంత మొద్దునో. ఏడాది నుంచి ఆ ఉత్తరం మడిసి పెట్టుకుని కూకున్నాను.

మాడుగుల రోడ్డులోనే నా కౌలు సెరుకు ఉంది. బంగారయ్య బావకి ఆదివారం సెలవు. అంచేత కూలికి నా సెరుకు కొట్టడానికి వత్తన్నాడని సెప్తే సరిపోద్ది. పోలీసు కాగితంలో ఎక్కడికెల్తన్నారో రాయలేదంట. ఆ రోజు తొట్టిలో ఉన్నోళ్లందరూ సరేనన్నారు. నాకోసమే అన్నారు.

రూతమ్మ ఒక్కటే ఒప్పుకోలేదు.

"నా మొగుడు కూలోడా?" అంది. "సెరుకు కత్తి పారేసి ఎన్నేళ్లయింది? మెడలో కార్డేసుకుని తిరిగినోడు. పాట పాడతా పోయినోణ్ణి, ఆదివారం సెరుకు కొట్టడానికెల్లి సచ్చేడని కోర్టులో సెప్పాలా?"

మీ అత్త అంది, "ఒలే రూతూ, అలా సెప్పకపోతే మీ అన్నియ్య సేను అమ్మి నీకు కట్టాలి. తింతావా ఆ కూడు?"

అది సాలాసేపు పిల్ల జడ అల్లుతానే కూకుంది. జడ అయిపోయాక ఇప్పి మళ్లీ అల్లింది. తరవాత, "అన్నియ్య కోసం సెప్తాను. మీ బావ నన్ను సెమిత్తాడో లేదో నేనే సూసుకుంటాను" అంది.

నువ్వే దారి సూపించేవు. దేవుడు నిన్ను దీవించాల.

మీ మావ


హైదరాబాద్,
14 జూన్ 2008

మావయ్యకి,

నెల రోజులు ట్రైనింగుకి పుణే పంపారు. నీ ఉత్తరం నా బల్ల మీద పడి ఉంది. ఇవాళ వచ్చి చదివాను.

నేను అలా రాయలేదు! ఏ మాట వెనకా నేనేమీ దాచలేదు. చట్టం ఏమిటో నీకు తెలియాలని రాశాను, అంతే. ఆ లాయరు తనకి కావలసింది నా నోట్లో పెట్టాడు. నువ్వు నమ్మావు. నేను అబద్ధం నేర్పే మనిషిలా కనిపించానా నీకు? నన్ను చదివించింది ఇందుకా?

మావయ్యా, రోజూ ఇలాంటి ఫైళ్లు చూస్తాను. అబద్ధాల సాక్ష్యాల వల్ల నిజంగా నష్టపోయినవాళ్లని కూడా ఎవరూ నమ్మడం లేదు. మా ఆఫీసులో "అనకాపల్లి వైపు కేసా, అయితే అందరూ కూలీలే అంటారు" అని నవ్వుకుంటారు. ఆ నవ్వులో నేను తల వంచుకుని కూర్చుంటాను. రేపటి నుంచి మా పిన్ని మాట విని నవ్వుతారు.

అన్నిటికంటే నాకు అర్థం కానిది ఇది. సంఘం ముందు దేవుడికి మాట ఇచ్చానన్నావు. ఇన్సూరెన్సువాళ్లు వద్దన్నారని దేవుడికెలా చెప్పేదన్నావు. ఇప్పుడు ఆ మ్రొక్కుబడినే చెరుకు పని అని కోర్టులో చెబుతావా? బాబాయి దేని కోసం పోయాడు?

నిజం చెప్పు. పిన్నినీ నిజమే చెప్పమను. తర్వాత ఏదో ఒక దారి దొరుకుతుంది. నేనున్నాను. కానీ అబద్ధం చెబితే మాత్రం నా ముఖం చూడకు.

అక్సా


అనకాపల్లి,
29 జూన్ 2008

అక్సమ్మకి,

జరిగింది జరిగినట్టు రాత్తన్నాను.

పదహారో తారీకు సోమారం రూతమ్మ సాక్ష్యం. నీ కంపెనీ లాయరు దాన్ని గంటసేపు నిలబెట్టేడు. శవపంచాయితీ కాగితం తీసి, "నీ భర్త ఒంటి మీద తెల్లచొక్కా, తెల్లపంచె ఉన్నాయని రాశారు. చెరుకు కొట్టేవాడు తెల్లబట్టలు కట్టుకుని వెళ్తాడా?" అన్నాడు. "మాకున్నయ్యే అవండి, బాబూ" అంది. "నువ్వు కూడా తెల్లచీరలోనే ఉన్నావట?" అన్నాడు. "కూలోళ్లు తెల్లకోక కట్టకూడదాండి?" అంది. జడ్జిగారు కూడా నవ్వేరు. ఆ లాయరు ఎంత గింజుకున్నా అది తొణకలేదు. బయటికొచ్చి కుళాయి కాడ నోరు పుక్కిలించి కడుక్కుంది. "అయిపోయింది అన్నియ్యా, ఇంక నీ సేనుకేటీ కాదు" అంది.

రెండ్రోజులకి నీ ఉత్తరం వచ్చింది.

దాన్ని ఎవురికీ ఇనిపించలేదు. దాసి దాసి సదివేను. నువ్వు రాసిన అన్ని మాటలూ పక్కకి తోసేసేను గాని, ఆ మ్రొక్కుబడి మాట పోలేదు. తరవాతి సోమారం నన్ను బోనెక్కించేరు. ప్రమాణం సేయించేరు.

"ఆ రోజు తొట్టిలో ఎవరున్నారు?" అన్నాడు కంపెనీ లాయరు.

"మా సంఘపోళ్లండి."

"నీ కూలీలా?"

మా లాయరు నా ఎంక సూసి తలూపతన్నాడు.

"కాదండి. మాడుగుల కూటాలకి తీసుకెల్తన్నానండి. నా మ్రొక్కుబడండి."

"మరి నీ చెల్లెలు చెరుకు పనికని చెప్పింది?"

నేను గుమ్మం ఎంక సూసేను. జడ్జిగారు సెప్పాలన్నారు. "నేనే అలా సెప్పమన్నానండి" అన్నాను.

రూతమ్మ గుమ్మం కాడే ఉంది. బయటికొచ్చాక అందరి ముందూ అంది: "నా మొగుణ్ణి కూలోణ్ణి సేసింది నీకోసం. దేవుడి ముందు అబద్ధమాడింది నీకోసం. ఇప్పుడు నువ్వు సత్యవంతుడివి, నేను అబద్ధాలదాన్ని. నిజం సెప్పాలనుంటే నా నోరు తెరవకముందు సెప్పొచ్చు గదా? ఆయన పోయేడు, ఆయన పేరు పోయింది, పిల్లల కూడు పోయింది. నీకు మాత్రం మ్రొక్కుబడి మిగిలింది."

నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. తీసి సూపించలేదు.

నువ్వు రాసింది తప్పని నేననను. నాలుగు రోజుల ముందొచ్చుంటే ఇద్దరం నిజం సెప్పీవోళ్లం. ఇంకో వారం ఆలీసమైతే ఇద్దరం అబద్ధం సెప్పీవోళ్లం. రెండిట్లో ఏదైనా రూతమ్మ నా సెల్లెలుగా ఉండీది.

కృపానిధి


హైదరాబాద్,
8 ఫిబ్రవరి 2009

మావయ్యకి,

మూడు ఉత్తరాలు రాశాను. నువ్వు జవాబివ్వలేదు. పిన్నికి మనియార్డరు పంపాను, తీసుకోలేదని తిరిగొచ్చింది.

తీర్పు కాపీ మా ఆఫీసుకొచ్చింది. నీకు ఈపాటికి లాయరు చెప్పే ఉంటాడు. పాలసీ వ్యవసాయ పనికి మాత్రమే, ప్రార్థనకి వెళ్లడం వ్యవసాయం కాదు, కంపెనీకి బాధ్యత లేదు, ఓనరు కట్టాలి. ఇంకో పేరాలో, హక్కుదారు అబద్ధపు సాక్ష్యం చెప్పిందని పిన్ని గురించి రాశారు. నీ గురించి, మొదటి ప్రతివాది నిజాయితీగా ఒప్పుకున్నాడని రాశారు. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి.

మా మేనేజరుగారు చాలా సంతోషపడ్డారు. ఇలాంటి తీర్పు మిగతా బ్రాంచీలకి కూడా పనికొస్తుందన్నారు. ఆయన తెలుగువారు కాదు. సాక్ష్యాలు ఇంగ్లీషులోకి మార్చి ఇమ్మని ఆ కాగితాలు నా బల్ల మీదే పెట్టారు. వీళ్లు మావాళ్లండీ అని చెప్పాను. ఆయన తలెత్తి చూసి, "అయితే ఆ యాస నీకు బాగా తెలుస్తుంది" అన్నారు.

నేనే మార్చాను మావయ్యా. పిన్ని అన్న ప్రతి మాటా. "కూలోళ్లు తెల్లకోక కట్టకూడదాండి" అన్నది కూడా. నీ మ్రొక్కుబడికి ఇంగ్లీషులో ఏ మాట పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. చివరికి "మతసంబంధమైన ప్రయాణం" అని అర్థమొచ్చేలా రాశాను. అది టైపై అన్ని ఆఫీసులకీ వెళ్లింది.

రోజూ ఉద్యోగం మానేద్దామనుకుంటాను. మళ్లీ పొద్దున్నే వెళ్తున్నాను. మానేస్తే పిన్నికి పంపడానికి నా దగ్గరేముంటుంది?

హైకోర్టుకి అప్పీలుకి వెళ్దాం. ముందు కంపెనీ కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని చెప్పిన తీర్పులు కూడా కొన్ని ఉన్నాయి. ఖర్చు నేను పెడతాను. నువ్వు ఒక్క సంతకం పెట్టు చాలు. నిజం చెప్పినవాడికి ఎక్కడో ఒకచోట న్యాయం జరగాలి కదా.

అక్సా


అనకాపల్లి,
16 ఆగస్టు 2009

అక్సమ్మకి మీ మావ రాసింది.

అప్పీలు వద్దు. మళ్లీ ఒక కోర్టులో రూతమ్మ ఒక పక్క, నేనొక పక్క నిలబడలేం. నువ్వు ఇంకా న్యాయం అని రాత్తన్నావు. నీకు సిన్న వయసు.

పల్లపు సేను అమ్మేసేను, ట్రాక్టరు కూడా. కోర్టులో కట్టేసేను. సొమ్ము రూతమ్మకి సేరింది. అందిందో లేదో అడుగుదామని ఆదివారం సంఘం వదిలాక గేటు కాడ నిలబడ్డాను. అది పిల్లలతో వచ్చింది. ఆగింది. "కృపానిధిగారూ, మీరు కట్టిన డబ్బు ముట్టిందండి" అంది. పుట్టి బుద్ధెరిగి నన్ను అన్నియ్యా అని తప్ప పిలవని మనిషి. నేను కూడా "సరేనండి" అన్నాను. ఇంకేటనాలి?

మాడుగుల కూటాల కాడ సంఘం ముందు సాక్ష్యాలు సెప్పుకునేటప్పుడు అది లేసి నిలబడి, కోర్టులో అబద్ధమాడేనని, దేవుడు తనని సెమించాలని ఏడిసి సెప్పిందంట. అందరూ దానితోపాటు ఏడిసేరంట. నేనెల్లలేదు. మీ అత్త ఎల్లొచ్చి సెప్పింది. ఎవురు ఆడించేరని ఎవురూ అడగలేదంట. మంచిదే.

నీ మీద నాకు కోపం లేదు. జవాబు రాయకపోతే కోపమని కాదు. ఏటి రాసినా నువ్వు ఒకటనుకుంటావు, నేనొకటనుకుంటాను.

నా ట్రాక్టరు కొన్నది అప్పారావుగారు, బెల్లం యాపారి. ఆయనకి డ్రైవరు కావాల, నాకు పని కావాల. ఆ బండి క్లచ్చి నాకు తప్ప ఇంకోళ్లకి మాటినదు. అంచేత అదే బండి మీద జీతానికి ఎక్కేను. మొన్న ఏజెంటు త్రినాధరావు కొత్త పాలసీ రాయడానికొచ్చేడు. నన్ను సూసి తల దించుకున్నాడు, టీ మాత్రం తాగేడు. జీతం తీసుకునే డ్రైవరుకి యేరేగా ప్రీమియం కట్టాలని సెప్పి కట్టించేడు. అంచేత ఇప్పుడు నాకేటైనా అయితే నీ కంపెనీ మీ అత్తకి డబ్బు ఇత్తదంట. ఓనరుగా ఉన్నప్పుడు లేంది డ్రైవరయ్యాక వచ్చింది.

ఆ సంగతి ఇంటికొచ్చి మీ అత్తకి సెప్పేను. అది బియ్యంలో రాళ్లేరతంది. సేట పక్కన పెట్టి నా మొకం ఎంక సూసి అడిగింది: "అప్పుడు నువ్వు ఏ పని మీద ఎల్తన్నావని సెప్పాల?"

మీ మావ
కృపానిధి